గండి పడిందా, కొట్టారా? గోదావరి డెల్టాలో ఒక ఫాంటసీ నోయిర్ ఆట

వరద తీసిన మూడో రోజు. కుడి గట్టుకు గండి పడి నాలుగు ఊళ్ల నారుమళ్లు కొట్టుకుపోయాయి. ఎడమ గట్టు మీద గడ్డిపోచ కూడా చెదరలేదు. నీళ్లు లాగేశాక ఇసుక మేటలో ఒక శవం బయటపడింది. పంటు నడిపే సరంగుది. నడుముకు చుట్టుకున్న తువ్వాలు ముడిలో, రోజూ రేవు చిల్లర తప్ప ఇంకేమీ ఉండని చోట, మూడు బంగారు కాసులున్నాయి. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురు ఆటగాళ్లు తమ పాత్రల కళ్లతో ఆ కాసులు చూశారు. గట్టు మీద నిలబడ్డ ఊరివాళ్లూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో ఇలాంటి ఎత్తుగడ అరుదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటల వరస మొదలైంది. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని లోకాన్ని వర్ణిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తరఫున మాట్లాడతారు, నిర్ణయాలు తీసుకుంటారు. తేలని చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కత్తి, మంత్రం, గుహ, నిధి అక్కడ మామూలు సరుకు. అందులోకి నోయిర్‌ను, పల్ప్ తరహా కుట్రలను దించాలంటే వర్షం, పొగ, పొడవాటి కోటు లాంటి పైపూతలు చాలవు. ఆట నడిచే ఇరుసు మారాలి. డెల్టా నేలకు ఆ ఇరుసు దానంతటదే ఉంది.

పల్ప్ అన్న పేరు కాగితం నుంచి వచ్చింది. చెక్కగుజ్జుతో చేసిన నాసిరకం కాగితం మీద అచ్చేసి చవగ్గా అమ్మిన అమెరికన్ కథల పత్రికలవి. వేగం, ప్రమాదం, అధ్యాయం చివర ఉత్కంఠ వాటి బలం. నోయిర్ అంటే ఫ్రెంచిలో నలుపు. కొన్ని అమెరికన్ నేర చిత్రాలకు ఫ్రెంచి విమర్శకులు 1946లో ఆ పేరు పెట్టారు. అందులో నేరం చేసినవాడికీ, వెతికేవాడికీ మధ్య గీత పల్చగా ఉంటుంది. నిజం తేలినా ఊరు బాగుపడదు. పల్ప్ పరిగెత్తిస్తుంది, నోయిర్ నిలబెట్టి అడుగుతుంది. ఈ రెంటినీ ఫాంటసీతో కలిపి ఒక లోకంగా కట్టిన ప్రయత్నాల్లో బాగా తెలిసినది కీత్ బేకర్ సృష్టించిన ఎబెరాన్. 2004లో అచ్చయింది. సుమారు నూరేళ్ల యుద్ధం అప్పుడే ముగిసిన ఖండం, ఆకాశాన్నంటే గోపురాల నగరం, మంత్రాన్ని వ్యాపారంగా నడిపే వంశాలు దాని సరంజామా.

తెలుగు ఆటగాళ్లకు పల్ప్ కొత్త కాదు. జానపద సినిమాల్లో సేనాపతి కుట్ర, అంతఃపురం కింద సొరంగం, మారువేషం, మాంత్రికుడి గుహ అన్నీ అదే రక్తం. అద్దె పుస్తకాల షాపుల్లో నలిగిపోయిన డిటెక్టివ్ నవలలూ అంతే. కాబట్టి పల్ప్ భాగం నేర్పక్కర్లేదు, ఆటగాళ్లు మొదటి సెషన్‌లోనే అందుకుంటారు. కష్టమంతా నోయిర్ భాగంతోనే.

పాశ్చాత్య నోయిర్ పెద్ద నగరం మీద నిలబడింది. అక్కడ ఎవరికి ఎవరూ తెలీదు. నేరస్థుడు జనంలో కలిసిపోతాడు, అతన్ని కనిపెట్టడమే కథ. డెల్టా ఊళ్లో ఈ లెక్క తిరగబడుతుంది. ఎవరి పెళ్లికి ఎవరు అప్పు చేశారో, ఎవరి తూము రాత్రిపూట ఎవరు ఎత్తారో ఊరంతటికీ తెలుసు. నేరం దాగదు. దాని గురించి మాట్లాడటం మాత్రమే ఆగిపోతుంది. అందుకని ఇక్కడ నడిపే ఆటలో 'ఎవరు చేశారు' అన్న ప్రశ్న రెండో సెషన్‌కల్లా తేలిపోయినా నష్టం లేదు. తెలిసినవాళ్లు ఎందుకు చెప్పరు, ఏం ఇస్తే చెబుతారు, చెప్పాక వాళ్ల గతేమిటి అన్నవి చివరిదాకా ఆటను మోస్తాయి.

గండి కథ వెనకున్న అసలు సంగతి గేమ్ మాస్టర్ ముందే రాసి పెట్టుకోవాలి. ఎడమ గట్టు కామందులు తమ పొలాలు కాపాడుకోవడానికి రాత్రిపూట మనుషుల్ని పంపి కుడి గట్టు కొట్టించారు. సరంగు వాళ్లను దాటించాడు. ఇంతవరకు మామూలే. కుడి గట్టు ఊళ్లలోనే పెద్ద ధాన్యం అడ్తీదారుకు ఈ సంగతి ఒక రోజు ముందే తెలుసు, అదీ ముడి. అతను తన సరుకు మెరకకు చేర్చుకున్నాడు, నోరు మూసుకున్నందుకు వాటా తీసుకున్నాడు. అతని బళ్లు మెరక వైపు వెళ్లడం నాలుగు ఊళ్లూ చూశాయి. కాని ఆ నాలుగు ఊళ్లలో అతని దగ్గర పెట్టుబడి అప్పు తీసుకోని కొంప లేదు. పంట మునిగాక ఆ అప్పు ఇంకా బరువెక్కింది. మళ్లీ నారు పోయాలన్నా అతనే ఇవ్వాలి.

ఇక్కడ భయపెట్టే రౌడీలు లేరు. అడ్తీదారు ఎవర్నీ బెదిరించలేదు కూడా. అప్పు ఒక్కటే నాలుగు ఊళ్ల నోరు కట్టేసింది.

నీళ్లు, మంత్రం, యజమాని

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాను మార్చేసింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు బయల్దేరి సుమారు పది లక్షల ఎకరాలకు నీరందిస్తాయి. నీరు పైనుంచి కిందికి వస్తుంది. తల దగ్గర ఉన్నవాడు తూము ఎక్కువ ఎత్తితే శివారువాడి చేను నెర్రెలు విచ్చుతుంది. లాకు, తూము, పంట బోదె, మురుగు కాలువ, వీటి మీద ఎవరి చెయ్యి ఉందన్నదే ఊరి రాజకీయం. ఫాంటసీ లోకం కట్టేటప్పుడు రాజ్యాల పటం, దేవతల వంశవృక్షం కంటే ముందు ఈ పటం గీయాలి.

మంత్రబలం కూడా కాలువ నీళ్లలాగే పారుతుందని అనుకుంటే చాలు, లోకం మొత్తం నోయిర్‌లోకి వంగుతుంది. ఆనకట్ట దగ్గర మంత్రం పుష్కలం. అక్కడి పిల్లలు దీపం కూడా చిటికెతో వెలిగిస్తారు. శివారుకు వచ్చేసరికి వైద్యుడి దగ్గర రోజుకు ఒక్క స్వస్థత మంత్రమే మిగులుతుంది. దాన్ని ఎవరికి వాడాలో అతను తేల్చుకోవాలి. ఆటలో స్పెల్ స్లాట్లు, అంటే మాంత్రికుడు రోజుకు ఎన్ని మంత్రాలు వేయగలడన్న కోటా, ఎలాగూ లెక్కపెట్టే వస్తువులే. ఆ లెక్కకు భూగోళం తోడైతే మాంత్రికుడి పాత్ర వేసే ఆటగాడు లాకు సూపరింటెండెంట్‌ను చూసే చూపే మారిపోతుంది. రాక్షసులకూ ఇదే సూత్రం పెట్టాలి. లాకు తలుపుల కింద ఒక జలభూతం కట్టుబడి ఉందనుకుంటే, దాని ఒప్పందపత్రం కరణం చిట్టాలో ఉండాలి. గ్రామ కరణాల వ్యవస్థ 1984లో రద్దయినా, ఆ చిట్టా చేతిలో ఉన్నవాడి మాటకు ఎంత బరువుండేదో తాతల నోట విననివాళ్లు డెల్టాలో తక్కువ. భూతం అన్నీ చూసింది. కాని తాళం చేతిలో ఉన్నవాడు అడిగితేనే చెబుతుంది.

మంత్రాలు మిస్టరీని చంపేస్తాయన్నది చాలామంది గేమ్ మాస్టర్ల భయం. శవాన్నే అడిగేస్తే ఇక పరిశోధన ఏముంటుంది? డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో స్పీక్ విత్ డెడ్ మంత్రం శవాన్ని అయిదు ప్రశ్నలు అడగనిస్తుంది. శవానికి బతికుండగా తెలిసిందే తెలుసు. జవాబు క్లుప్తంగా, చాలాసార్లు పొడుపుకథలా వస్తుంది. అడిగేవాడు శత్రువైతే నిజమే చెప్పాలని కూడా లేదు. శవానికి నోరుండాలన్న షరతు ఉంది కాబట్టి చేపలు దవడ కొరికేశాయని చెప్పి తప్పించుకోవాలని కొందరికి అనిపిస్తుంది. అది చేయకూడదు. ఆటగాడు తన పాత్ర శక్తిని సరైన చోట వాడినప్పుడు దాన్ని చెల్లనీయాలి. సరంగు చెబుతాడు: ముగ్గురు ఎక్కారు, తలల మీద గొంగళ్లు కప్పుకున్నారు, దిగేటప్పుడు ఒకరు మూడు కాసులు ఇచ్చారు. ఎవరని అడిగితే, 'పెద్దాయన గొంతు' అంటాడు. డెల్టాలో ప్రతి ఊరికీ ఒక పెద్దాయన ఉంటాడు.

అదే ఆటలోని జోన్ ఆఫ్ ట్రూత్, అంటే నిజం పలికించే వలయం, ఇంకా మంచి ఉదాహరణ. ఆ వలయంలో మంత్రానికి లొంగినవాడు కావాలని అబద్ధం ఆడలేడు. కాని మంత్రం తన మీద ఉందని అతనికి తెలుసు. మాట తప్పించవచ్చు, మౌనంగా ఉండవచ్చు. మౌనం మీదే నడిచే ఊళ్లో ఈ మంత్రం మిస్టరీని చంపదు, పదును పెడుతుంది. రోజూ రేవులో 'మాకేం తెలీదండి' అనే మనిషి ఆ వలయంలో నిలబడగానే ఆ మాట అనలేడు. గొంతు సవరించుకుని, 'ఆ సంగతి మీరు పెద్దోళ్లనే అడగాలండి, మేమెంతటోళ్లం' అంటాడు. ఆటగాళ్లు ఆ రెండు మాటల తేడా పట్టుకుంటే చాలు. పాచిక అక్కర్లేదు.

ముందు కాళ్లు కడుక్కోండి

నోయిర్ సంభాషణ అంటే ముక్తసరిగా, కటువుగా ఉండాలని ఇంగ్లిష్ మోడల్ నేర్పింది. గోదావరి మాట దానికి పూర్తిగా ఎదురు. ఇక్కడ ప్రమాదం మర్యాదలో ఉంటుంది. అడ్తీదారు ఇంటికి నలుగురు పాత్రలూ వెళ్లిన సీన్ ఒకటి, ఆట బల్ల దగ్గర ఎలా నడుస్తుందో చూడవచ్చు.

పాత్రలు అరుగు ఎక్కకముందే ఆయన లేచి ఎదురొస్తాడు. 'ఆయ్, ఎంతసేపైంది బాబూ బయల్దేరి? ఎండనపడి వచ్చారు. ముందు కాళ్లు కడుక్కోండి.' ఒక ఆటగాడు నేరుగా అడుగుతాడు: వరదకు ముందు రోజు మీ బళ్లు ఎక్కడికి వెళ్లాయి? ఆయన చెవి వినపడనట్టు లోపలికి కేకేస్తాడు. 'ఏమేవ్, నలుగురికి ఆకులు వెయ్యి. పనసపొట్టు కూర ఉందా?' మళ్లీ ఇటు తిరిగి, 'భోంచేశాక మాట్లాడుకుందాం. ఖాళీ కడుపుతో వ్యవహారం మాట్లాడటం మా ఇంటావంటా లేదండి' అంటాడు. కాదని లేస్తే ఊరంతా తప్పు పడుతుంది, ఇక ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. కూర్చుంటే గంట పోతుంది. ఆ గంటలో రేవులో ఒక పడవ మాయమవుతుంది.

ఇక్కడ గేమ్ మాస్టర్ చేయాల్సిన పని ఒకటుంది. పడవ కదిలిపోతోందని ఆటగాళ్లకు ఏదో రకంగా తెలియాలి. వడ్డిస్తున్నామె చెయ్యి తెడ్ల చప్పుడుకు ఒక్క క్షణం ఆగిందని చెప్పవచ్చు. అప్పుడు ఎంపిక వాళ్లదవుతుంది. విస్తరి ముందు నుంచి లేవడమా, మానడమా అన్నది కత్తియుద్ధం కంటే ఎక్కువ టెన్షన్ పుట్టిస్తుంది. అన్నం ముందు నుంచి లేవడం ఎంత పెద్ద మాటో ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ ఒంట్లో ఉన్న జ్ఞానం. రూల్‌బుక్ నేర్పనక్కర్లేదు.

వరసలు కూడా అంతే ముఖ్యం. ఒక పాత్రకు అడ్తీదారు భార్య మేనత్త వరస అవుతుందని మొదటి సెషన్‌కు ముందే రాసుకుంటే, 'ఏరా, అత్త ఇంటికి ఇప్పుడా రావడం' అన్న ఒక్క మాట దర్యాప్తును మెలి తిప్పుతుంది. పాత్రలు తయారుచేసుకునే రోజున బలం, చురుకుదనం లాంటి అంకెలతో పాటు రెండు ప్రశ్నలు అడగాలి: ఈ ఊళ్లో నీకు వరసయ్యేవాళ్లు ఎవరు? నువ్వు ఎవరికి బాకీ? బాకీ డబ్బే కానక్కర్లేదు. చిన్నప్పుడు వరదలో ఎవరో భుజాన మోసుకొచ్చి ఉండవచ్చు, ఎవరో అబద్ధ సాక్ష్యం చెప్పి కేసు తప్పించి ఉండవచ్చు. ఈ రెండు జవాబులు లేని పాత్ర ఊరికి అతిథిగా మిగిలిపోతుంది, నోయిర్ దాన్ని అంటదు.

ఆధారాలు, వాటి ఖరీదు

పరిశోధన ఆటల్లో అందరికీ తెలిసిన చిక్కు ఒకటుంది. కీలకమైన ఆధారం కోసం పాచిక వేస్తారు, అది విఫలమవుతుంది, ఆట అక్కడే ఇరుక్కుంటుంది. దీనికి రెండు మందులు ప్రసిద్ధం. జస్టిన్ అలెగ్జాండర్ 2008లో చెప్పిన మూడు ఆధారాల సూత్రం మొదటిది: ఆటగాళ్లు చేరాల్సిన ప్రతి నిర్ధారణకు కనీసం మూడు దారులు పెట్టాలి. రెండోది రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతి: సరైన నైపుణ్యమున్న పాత్ర సరైన చోట వెతికితే కీలక ఆధారం దొరికి తీరుతుంది, దానికి పాచిక ఉండదు.

అడ్తీదారుకు ముందే తెలుసు అన్న నిర్ధారణను తీసుకుంటే, మొదటి ఆధారం అతని గోడౌను. నేలంతా జానెడు ఒండ్రు పట్టింది, కాని ఎక్కడా తడిసిన గింజ ఒక్కటి లేదు. వరద రాకముందే గోడౌను ఖాళీ అని దానర్థం. రెండోది బండివాడు. మిట్టమధ్యాహ్నం బళ్లు కట్టించి రెట్టింపు కూలి ఇచ్చారన్న సంగతి అతను గర్వంగా చెప్పుకుంటాడు, అది గుట్టని అతనికి తెలీదు. మూడోది లేసు ఏజెంటు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే లేసు అల్లడం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. దారం ఇచ్చి, అల్లిన ముక్కలు తీసుకుపోయే ఏజెంటు ప్రతి ఇంటి వసారాలోకీ వెళుతుంది. హెచ్చరిక రాకముందే అడ్తీదారు ఇంట్లో ఇత్తడి సామాను అటకెక్కించడం ఆమె చూసింది. ఫాంటసీ లోకంలో ఈమెకు మంత్రాలేవీ ఇవ్వక్కర్లేదు. మాంత్రికుడి స్ఫటిక గోళం కంటే ఆమె సంచి ఎక్కువ చూసింది.

కాని అన్నిటికంటే మంచి ఆధారం లస్కరు ఇంట్లో ఉంది. ఆ రాత్రి గట్టు కాపలా అతనిదే. జీతం అంతంతమాత్రం. పాత్రలు అతని పెరట్లోకి వెళ్లేసరికి దాకలో పులస పులుసు ఉడుకుతుంటుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు. లస్కరు భార్య మెడలో పుస్తెలున్నాయి, పొయ్యి మీద పులసా ఉంది. డబ్బు ఎక్కడిది? గేమ్ మాస్టర్ ఆ ప్రశ్న అడగనే కూడదు. వాసన చెప్పి, మెడలో పసుపుతాడు చెప్పి ఊరుకోవాలి. బల్ల దగ్గర ఎవరో ఒకరు 'ఒక్క నిమిషం' అంటారు. ఆ ఒక్క నిమిషం కోసమే ఇదంతా.

మరి పాచికకు పనేమిటి? ఖరీదు తేల్చడం. ఆధారం ఎలాగూ దొరుకుతుంది. అడిగారన్న సంగతి ఎవరి చెవిన పడిందన్నది పాచిక చెబుతుంది. టీ బడ్డీ దగ్గర బండివాణ్ణి కదిలించిన పాత్రకు పాచిక బాగా పడితే అది మామూలు కబురుగా పోతుంది. బాగా పడకపోతే దీపాలు పెట్టే వేళకు అడ్తీదారు గుమస్తా ఆ బండివాడి ఇంటి ముందు నిలబడి, 'మనూరి మాట పరాయోళ్ల దగ్గరెందుకురా' అంటుంటాడు. బండివాడు మంచివాడని ఆటగాళ్లకు ఈపాటికే తెలుసు. నోయిర్‌లో వైఫల్యం ఎవరో అమాయకుడి మీద పడాలి. అప్పుడే తరవాతి ప్రశ్న అడిగేముందు ఆటగాళ్లు ఆగి ఆలోచిస్తారు.

ఇంకో జాగ్రత్త. డెల్టాలో గట్టు తగాదాలు, లంక భూముల కేసులు, కులం గొడవలు కట్టుకథలు కావు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల ఇళ్లలో వాటి గాయాలుండవచ్చు. నిజంగా జరిగిన కేసును, నిజమైన ఊరిపేరును, నిజమైన కులం పేరును ఆటలో పెట్టకూడదు. ఏ విషయాలు బల్ల మీదికే రాకూడదో, ఏవి వచ్చినా తెర వెనకే ఉండాలో మొదటి రోజే అందరూ కలిసి ఒప్పుకోవాలి. కల్పిత ఊరు కావడం వల్ల పదును తగ్గదు. ఊరు తమది కాకపోతేనే ఆటగాళ్లు అందులో ధైర్యంగా తిరుగుతారు.

మూడు హెచ్చరికలు

ఇంతవరకు చెప్పినదంతా నోయిర్ వైపు. ఇది ఒక్కటే అయితే మూడో సెషన్‌కు ఆట అరుగు మీద కూలబడుతుంది. అందరూ మాట్లాడుతూనే ఉంటారు, ఏదీ కదలదు. పల్ప్ అక్కడ కావాలి. గడియారం లాంటి ఒత్తిడి పెట్టి, ఆటగాళ్లు ఏం చేసినా చేయకపోయినా లోకం కదిలేలా చూడటం ఈ మధ్య ఆటల్లో బాగా పాకింది. జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ దీన్ని వలయాల రూపంలో గీసి, ముక్క ముక్కగా నింపే పద్ధతిగా ప్రచారం చేసింది.

డెల్టాకు అలాంటి గడియారం తయారుగా ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, పది లక్షల క్యూసెక్కులు కిందికి వెళితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, పదమూడు లక్షలు దాటితే రెండోది. 17.75 అడుగులు, పదిహేడు లక్షలు అయితే మూడోది. లంక గ్రామాల పిల్లలకు ఈ మూడు మెట్లు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆటలో టముకు వేయించినా, ఆనకట్ట మీద కాగడాల సంఖ్య మార్చినా సరే. ఎగువన మళ్లీ వానలు పడ్డాయి, రెండో వరద వస్తోంది అన్న వార్తతో గడియారం మొదలవుతుంది.

మొదటి హెచ్చరికకు గండి పూడ్చే పని ఉరుకులు పరుగులవుతుంది. కొత్త మట్టి, ఇసుక బస్తాలు పడగానే పలుగు గాట్లు, కాలి గుర్తులు శాశ్వతంగా పోతాయి. అప్పటికి గండిని దగ్గర నుంచి చూడని ఆటగాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే. చూసినవాళ్లకు ఎండ్రకాయల బొరియల వల్ల కారి తెగిన గట్టుకూ, మనిషి చేతులు కోసిన గట్టుకూ తేడా దొరుకుతుంది. రెండో హెచ్చరికకు పంటు ఆగిపోతుంది. ఎవరు ఏ గట్టు మీదుంటే అక్కడే. పార్టీని, అంటే పాత్రల జట్టును, విడదీయకూడదన్న పాత సలహాను ఇక్కడ మాత్రం పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే విడదీసింది గేమ్ మాస్టర్ కాదు, నది. పల్ప్‌కు కావలసిన సాహసమంతా ఇక్కడే పుడుతుంది. ఇద్దరు ఎడమ గట్టు మీద, ఇద్దరు కుడి గట్టు మీద. మధ్యలో ఎర్రనీళ్లు, కొట్టుకొచ్చే మానులు, లాకు కింద తాళం తెగిన భూతం. మూడో హెచ్చరికకు రెండు గట్ల మీదా రాత్రంతా లాంతర్లతో కాపలా. అవతలి గట్టువాడు పలుగు పట్టుకొస్తాడని ఇవతలి గట్టు, ఇవతలివాడు ఈసారి బదులు తీర్చుకుంటాడని అవతలి గట్టు.

ఎవరైనా పారిపోవాలనుకుంటే ఎక్కడికి? దీనికి యానాం చరిత్ర మంచి నమూనా. డెల్టా మధ్యలో ఉన్న ఆ చిన్న పట్టణం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. ఇటు బ్రిటిష్ ఇండియాలో 1929 శారదా చట్టం బాల్యవివాహాలను నిషేధించాక, అటు పెళ్లిళ్లు చేసుకునేందుకు జనం వెళ్లేవారు. కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. నాలుగడుగులు వేస్తే చట్టం మారిపోయే ఊరు కుట్రలకు ఎంత సౌకర్యమో చెప్పనక్కర్లేదు. ఫాంటసీ డెల్టాలో ఇలాంటి పరాయి రాజ్యపు పేట ఒకటి పెడితే, ఇక్కడ నిషేధించిన మంత్రం అక్కడ అంగట్లో దొరుకుతుంది, ఇక్కడి దొంగ అక్కడ పెద్దమనిషి అవుతాడు. లస్కరు అక్కడికే పారిపోతాడు.

పల్ప్ రహస్య స్థలాలు కావాలంటే వెతకాల్సిన పనే లేదు. 1839 తుపానుకు దెబ్బతిని మళ్లీ కోలుకోని కోరంగి రేవు ఉంది. ఏడుగురు ఋషులు ఏడు పాయలు తెచ్చారన్న కథ ఉంది. గౌతమి, వసిష్ఠ నదులుగానే ఉన్నాయి. తుల్యభాగ, కౌశిక లాంటి పేర్లు ఇప్పుడు మురుగు కాలువలకు మిగిలాయి. ఏడింటిలో ఒక పాయ ఇంకా భూమి కింద పారుతోందని ఒక ముసలి పడవవాడు అంటే, ఆటగాళ్లు ఎక్కడ తవ్వాలని అడుగుతారు. ఇక్కడ మాత్రం చెయ్యి బిగించాలి. రహస్య పాయ, మునిగిన రేవు, భూతం మూడూ ఒకే కథలో కూరితే అప్పు కథ మరుగున పడిపోతుంది. ఒకటి చాలు.

చివరి రాత్రి ఆటగాళ్ల చేతిలో నిజం మొత్తం ఉంటుంది. దాన్ని గట్టు మీద నిలబడి అరిచి చెప్పవచ్చు. చెబితే కుడి గట్టు జనం ఆ క్షణమే పలుగులు పట్టుకుని పడవలెక్కుతారు, ఎడమ గట్టు ఊళ్లలో పసిపిల్లలు నిద్రపోతున్నారు. చెప్పకపోతే అడ్తీదారు మళ్లీ పెట్టుబడి అప్పులిస్తాడు, ఈసారి పొలం పట్టాల మీద. వేసవిలో కాలువ కట్టేసి నీళ్లు ఇంకేదాకా ఆగి, అడుగున దొరికే పలుగులతో పంచాయతీ పెట్టించాలని ఒకరు అనవచ్చు. లస్కరును పట్టుకొచ్చి భూతం తాళం అతని చేతికే ఇవ్వాలని ఇంకొకరు అనవచ్చు. గేమ్ మాస్టర్ ఏ దారినీ సరైనదిగా ముందే రాసి పెట్టుకోకూడదు. ప్రతి దారికీ ఎవరు మునుగుతారో మాత్రం రాసి పెట్టుకోవాలి.

వరద తీశాక ఇంకొక్క సీన్ ఆడించాలి. రేవులో కొత్త సరంగు పంటు విప్పుతున్నాడు. పాత సరంగు భార్య మెట్ల మీద కూర్చుని ఉంది, ఈ నెల రేవు పాట బాకీ ఎవరు కట్టాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు శవం నడుము నుంచి తీసిన మూడు కాసులు ఎవరి క్యారెక్టర్ షీట్ మీద ఉన్నాయో అప్పుడు అడగాలి.